డాట్సన్‌కి అరువు గొంతు

లక్ష్మయ్య ఎస్‌టీడీ బూత్‌లోంచి చేసిన ఫోన్ నిమిషం కూడా సాగలేదు.

"సామాను జాడ దొరికింది సార్. కార్ల షోలోనే ఉంది. ఏ కారో వచ్చి చెబుతా."

"వెంటనే వచ్చెయ్" అని జవాబు వచ్చింది.

అతను చేతక్ స్కూటర్ ఎక్కి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ రోడ్డులోకి దిగాడు. 1995 జనవరి. కొండరాళ్ళు పేల్చి బంగళాలు కడుతున్న రోజులు. ఆ రోడ్డు మీద రాళ్ళ టిప్పర్లు కొత్త కాదు. అందుకే వెనక వస్తున్న టిప్పర్‌ని లక్ష్మయ్య లెక్కచేయలేదు. మలుపు దగ్గర అది స్కూటర్‌ని, మనిషిని కలిపి తొక్కేసి ఆగకుండా వెళ్ళిపోయింది.

పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. కానీ ఆ టిప్పర్‌లో ఒక్క రాయి కూడా లేదు. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తూ లేదు.

*

ఫిల్మ్‌నగర్‌లో సుస్వర డబ్బింగ్ థియేటర్ అంటే అందరికీ తెలుసు. దాని కింద నేలమాళిగలో ఇంకో ఆఫీసు ఉందన్న సంగతి మాత్రం పట్టుమని పదిమందికి తెలియదు. ఢిల్లీ కాగితాల్లో దాని పేరు సెక్షన్ నైన్. లోపల బాంబు పేలినా బయటికి వినిపించని గోడలు కావాలంటే డబ్బింగ్ థియేటర్‌ని మించిన చోటేముంటుంది?

పైన ఓ విలన్‌కి గొంతు అరువిచ్చి సెబాస్టియన్ మెట్లు దిగి వచ్చాడు. తెనాలి దగ్గరి ఊరు అతనిది. నలభై ఏళ్ళు. మోతీనగర్‌లో అద్దె ఇంట్లో ఒంటరి కాపురం. లోకానికి డబ్బింగ్ ఆర్టిస్ట్, సెక్షన్‌కి ఏజెంట్ ఫోర్. ఏ గొంతైనా రెండుసార్లు వింటే దించేస్తాడు. తెర మీద పెదాల కదలిక చూస్తూ పదిహేనేళ్ళు బతికినవాడు కాబట్టి, మాట వినబడకపోయినా మనిషి ఏమంటున్నాడో చెప్పేస్తాడు.

ఛీఫ్ బసవపున్నయ్య తెల్ల బుష్‌షర్టులో బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ఆయన ఏ మాట మొదలుపెట్టినా ముందు చిన్నగా గొంతు సవరించుకుంటాడు. గుంటూరు మిషన్ కాలేజీ నాటకంలో సెబాస్టియన్‌ని చూసి, సర్వీసులోకి తెచ్చి, తుపాకీ పట్టడం నుంచి టై కట్టుకోవడం దాకా నేర్పినవాడాయనే. సెబాస్టియన్ తండ్రి పోతే శవపేటిక భుజాన మోసినవాడూ ఆయనే.

"కూర్చో అబ్బాయ్. మన లక్ష్మయ్య ఫోన్ చేసి ఇక్కడికి వస్తుంటే చంపేశారు."

"విన్నానండీ. ఎవరు?"

"క్రేన్ ముఠా." ఆయన ఒక ఫొటో ముందుకు నెట్టాడు. ఎర్రటి ముఖం, ఇసుక రంగు జుట్టు. "పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి. దేశం మాత్రం లేదు. తెలుగు కూడా అర్థమవుతుంది. ఎవరికి ఏది కావాలంటే అది దొంగిలించి ఇస్తాడు. మన రక్షణ ల్యాబ్ ఒకదాంట్లోంచి గైరోస్కోప్ యూనిట్ పోయింది. క్షిపణికి దారి చూపించే పరికరం. కొబ్బరిబోండాం అంత ఉంటుంది. అది దేశం దాటిందంటే మన క్షిపణి గుట్టు మొత్తం శత్రువు చేతిలో ఉన్నట్టే."

"ఎలా దాటిస్తారు?"

"ఫిల్మ్‌నగర్ ఓపెన్ స్టూడియోలో రేపు కార్ల ప్రదర్శన. పాతకాలపు జపాన్ కార్లు. డాట్సన్లు, స్కైలైన్లు, మాజ్డాలు. ఇంజన్లు మార్చి, బాడీ కోసి, కొత్త షోకులు చేసినవి. సినిమా షూటింగ్ పేరుతో తాత్కాలిక పర్మిట్ మీద మద్రాసు రేవులో దిగాయి. వచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్ళు స్క్రూ స్క్రూ విప్పి చూశారు. వెళ్ళేటప్పుడు నంబర్ చూసి సలాం కొడతారు. ప్రొడ్యూసర్ వెంకటేశ్వరరావు ఆతిథ్యం. నువ్వు షోకి కామెంటేటర్‌వి. అంతా మాట్లాడి ఉంచాను."

"లోపల మంజులత ఉందిగా. ఆవిడ ఏమంటోంది?"

బసవపున్నయ్య గొంతు సవరించుకున్నాడు. ఈసారి కాస్త ఎక్కువసేపు.

మంజులత నాలుగు సినిమాల్లో హీరోయిన్. అయిదో సినిమా రాకముందే సెక్షన్ ఆమెని పట్టుకుంది. రెండేళ్ళుగా వెంకటేశ్వరరావు పార్టీల్లో నవ్వుతూ, క్రేన్ ముఠా తరఫున పనిచేస్తున్నట్టు నటిస్తూ, కబుర్లు ఇటు చేరవేస్తోంది. ఆ కబుర్లు అందుకునేది సెబాస్టియన్. కబురు అందుకున్నాక కూడా కాసేపు కూర్చోవడం ఈమధ్య అలవాటైంది. పెళ్ళి మాట ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదని అతను అనుకున్నాడు.

"ఆ పిల్ల అటు తిరిగిపోయింది అబ్బాయ్" అన్నాడు బసవపున్నయ్య. "లక్ష్మయ్య వస్తున్న దారి వాళ్ళకి చెప్పింది ఆమే."

సెబాస్టియన్ క్రేన్ ఫొటోని బల్ల మీద వెనక్కి నెట్టాడు.

"నాకూ నమ్మబుద్ధి కాలేదు. నిన్ను ఈ పనికి పంపకూడదనే అనుకున్నా. కానీ నువ్వు తప్ప నాకెవరున్నారు?" ఆయన జేబులోంచి కారు తాళాల గుత్తి తీశాడు. దానికి నల్లటి రిమోట్ ఉంది, మధ్యలో ఒకే బటన్. "కార్ అలారం రిమోట్‌లా కనిపిస్తుంది. సిగ్నల్ పంపిస్తుంది. సాయంత్రం బహుమతులివ్వడానికి మంజులత స్టేజి ఎక్కుతుంది. ఎక్కగానే నొక్కు. బయట మాటడోర్ వ్యాన్‌లో కమాండోలతో నేనుంటా. స్టేజి మీదైతే పారిపోవడానికి దారి ఉండదు."

"ఆవిణ్ణి కాల్చరు కదా?"

"నా మాట మీద నమ్మకం లేదా?"

సెబాస్టియన్ రిమోట్ జేబులో వేసుకున్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం నెరిసిన విగ్గు, బంగారు ఫ్రేము కళ్ళజోడు పెట్టుకుని కామెంటేటర్ డేవిడ్‌కుమార్ స్టూడియో గ్రౌండులో అడుగుపెట్టాడు. మెళ్ళో మైకు, చేతిలో డ్రైవర్లకి సూచనలిచ్చే వాకీటాకీ.

చూడటానికి రెండు కళ్ళూ చాలని షో అది. చదరపు ముఖం స్కైలైన్‌కి మడ్‌గార్డులు కోసేసి, రేకు దొప్పలు రివెట్లు కొట్టి, లోపల పీపాల్లాంటి టైర్లు దూర్చారు. మాజ్డా ఒకటి బానెట్ తెరుచుకుని నిలబడింది. దాని రోటరీ ఇంజన్ గట్టిగా వడ్లు దంచినట్టు చప్పుడు చేస్తుంటే పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతున్నారు. సినిమావాళ్ళు, వాళ్ళ పిల్లలు, కెమెరాలవాళ్ళు, రిఫ్లెక్టర్లు మోసే కుర్రాళ్ళు. గ్రౌండంతా పెట్రోలు, కొత్త పెయింటు వాసన.

గేటు పక్కన స్థానికుల వరుసలో ఒకే ఒక్క కారు ఉంది. ముదురాకుపచ్చ టయోటా. టోలిచౌకిలో షెడ్డు ఉన్న రాములు దానికి ఆనుకుని నిలబడి అద్దం తుడుస్తున్నాడు.

"జర చెయ్యి తియ్యండి సార్. మచ్చ పడ్తది" అన్నాడు.

"మీదేనా?"

"నాదే. దుబాయ్ నుంచి ఒక సేటు తెచ్చి పడేసిండు. నేను పెద్ద బండి ఇంజన్ తెచ్చి దీంట్ల కూసోబెట్టిన. గా తెల్లోడు చూసి వావ్ అన్నడు. గింతదూరం తీసి పెట్టిండ్రు గాని, మనోళ్ళు ఒక్కరు ఆగి చూస్తలేరు."

"నేను చూస్తున్నాగా. మైకులో మీ పేరు చెబుతా."

రాములు మొహం విప్పారింది. "గట్లనే ఇంటిపేరు గిట్ల కూడా చెప్పుండ్రి సార్."

సెబాస్టియన్ వరుసగా కార్ల గురించి మాట్లాడుకుంటూ గ్రౌండు మధ్యకి వచ్చాడు. అక్కడ తాడు కట్టి, ఎవరినీ దగ్గరికి రానీకుండా నిలబెట్టిన కారు ఒకటుంది. పొడుగు ముక్కు పసుపుపచ్చ డాట్సన్. బానెట్‌కి తాళం. స్టీరింగ్ ముందు క్రేన్ కూర్చుని ఆక్సిలరేటర్ తొక్కుతుంటే గర్జన గ్రౌండంతా దద్దరిల్లుతోంది. జనం చప్పట్లు కొట్టారు.

సెబాస్టియన్ కొట్టలేదు. క్రేన్ మోకాలు కదిలాక, అర అక్షరమంత ఆలస్యంగా గర్జన వస్తోంది. పెదాలకి మాట అతకని డబ్బింగ్ చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది అతనికి. ఇంకాసేపు విన్నాడు. గర్జన దిగేటప్పుడు ఒక చిన్న తడబాటు, దగ్గులాంటిది. మళ్ళీ తొక్కినప్పుడూ అక్కడే అదే దగ్గు. ఇంకోసారీ అదే. కామెంటరీ చెబుతున్నట్టు కారు వెనక్కి నడిచి సైలెన్సర్ గొట్టం మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది.

ఆ కారులో ఇంజనే లేదు. టేపు ఉంది, స్పీకర్లు ఉన్నాయి. ఇంజన్ ఉండాల్సిన చోట కొబ్బరిబోండాం అంత సామాను ఉంది. లక్ష్మయ్య ప్రాణం తీసిన కారు ఇదే.

"ఏంటి డేవిడ్‌గారూ, కారుకి జ్వరమా?"

వెనక్కి తిరిగాడు. మంజులత. వంగపండు రంగు పట్టుచీర, చేతిలో బహుమతుల పళ్ళెం. ఆ మారువేషం చూసి ఆమె కళ్ళు నవ్వాయి. ఎప్పటి నవ్వే. నిన్నటిదాకా ఆ నవ్వు తనదనుకున్నాడు.

"చల్లగానే ఉంది" అన్నాడు.

"నీ మొహం బాలేదు" అంది గొంతు తగ్గించి. "ఏమైంది?"

"లక్ష్మయ్య పోయాడు."

"తెలుసు."

అంతే. ఆ ఒక్క మాటని ఎంత తేలిగ్గా అంది! రెండేళ్ళు తన ఎదురుగా కూర్చుని కాఫీ తాగిన మనిషి. జేబులో రిమోట్ మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

"జేబులో ఏముంది?" అంది.

"కారు తాళాలు."

"నీకు కారెక్కడిది?"

అతను గేటు వైపు నడిచాడు.

*

ముందు డాట్సన్ సంగతి ఛీఫ్‌కి చెప్పాలి. గేటు బయట మాటడోర్ వ్యాన్ ఉంది. తలుపు తీశాడు. లోపల కమాండోలు లేరు. బసవపున్నయ్యా లేడు. ఖాళీ సీట్ల మీద దుమ్ము ఉంది.

సెబాస్టియన్ మెల్లగా లోపలికి తిరిగొచ్చాడు. అప్పుడే కార్ల ఊరేగింపు మొదలైంది. అన్ని ఇంజన్లూ ఒక్కసారి రేగాయి. పక్కమనిషి అరిచినా వినబడటం లేదు. రహస్యం మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. ఏ మైక్రోఫోనూ ఆ గోలలో మాట పట్టుకోలేదు. అలవాటుగా తలెత్తి చుట్టూ చూశాడు.

స్టూడియో ఆఫీసు మేడ మీద గాజు కిటికీ వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు వెంకటేశ్వరరావు. రెండో మనిషి తెల్ల బుష్‌షర్టు.

బసవపున్నయ్య పెదాలు కదులుతున్నాయి. వద్దనుకున్నా సెబాస్టియన్ కళ్ళు వాటిని చదివేశాయి.

'వాడే నొక్కుతాడు. నేను చెప్తే కాదనడు.'

వెంకటేశ్వరరావు ఏదో అడిగాడు. అతని ముఖం అటు తిరిగి ఉంది.

'స్టేజి కింద పెట్టించా. పేలగానే జనం పరుగులు. ఆ గొడవలో లారీ గేటు దాటేస్తుంది. ఆ పిల్లా పోతుంది. చంపినవాడు వాడే అవుతాడు.'

మళ్ళీ ఏదో ప్రశ్న.

'వాడు వెనకాడితే క్రేన్ దగ్గర రెండో రిమోట్ ఉంది. డ్రైవర్ల వాకీటాకీలో నేను సంకేతం ఇస్తా. ఇంటర్వెల్ అంటే ఆగాలి. నొక్కాలంటే…' ఆ చివరి మాట దగ్గర పెదాలు రెండుసార్లు మూసుకున్నాయి. శుభం. కావచ్చు, కాకపోవచ్చు. ప, బ, మ మూడూ పెదాల మీద ఒకలాగే ఉంటాయని డబ్బింగ్‌లో అందరికీ తెలుసు. ఇంటర్వెల్ మాత్రం స్పష్టంగా కనిపించింది.

మంజులత మోసం చేసిందన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు కోపం రాలేదు. చర్చి మెట్ల మీద తన తండ్రి పెట్టె కింద భుజం పెట్టిన మనిషి కనిపించాడు, అంతే. రిమోట్ జేబులోంచి తీసి చూశాడు. ఇది చూడకపోయి ఉంటే ఇంకో పావుగంటలో తన బొటనవేలితో మంజులతని తునాతునకలు చేసి ఉండేవాడు. వెనక ఉన్న బ్యాటరీ మూత తెరిచి, బ్యాటరీ తీసి పక్కనున్న మురుగు కాలువలో పడేశాడు.

ఇంజన్లు ఆగాయి. స్టేజి మీద బ్యాండు మొదలైంది. మంజులత పళ్ళెంతో మెట్లెక్కుతోంది. వెనక ఇద్దరు బాలనటులు పూలగుత్తులతో వస్తున్నారు. స్టేజి ముందు కుర్చీల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. గ్రౌండు అవతల పసుపుపచ్చ డాట్సన్‌ని లారీ మీదికి ఎక్కించేశారు. క్రేన్ క్యాబిన్‌లో కూర్చున్నాడు. ఒక చేతిలో వాకీటాకీ, రెండో చెయ్యి ఒళ్ళో.

మైకులో బాంబు అని అరిస్తే క్రేన్ ఆ క్షణమే నొక్కేస్తాడు. అంతదూరం పరిగెత్తేలోపు మేడ మీంచి మాట వచ్చేస్తుంది.

సెబాస్టియన్ రాములు దగ్గరికి వెళ్ళాడు. "ఆ లారీ గేటు దాటకూడదు. మీ బండి అడ్డం పెట్టాలి."

"నా బండా? లారీకా?" రాములు అతని ముఖంలోకి చూశాడు. "ఏంది సార్, ఏమైంది?"

"ఆ లారీలోవాళ్ళు నిన్న ఒక మనిషిని చంపారు. ఇవాళ ఇంకా చాలామందిని చంపుతారు."

రాములు ఇంకో మాట అడగలేదు. తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుని కారెక్కాడు.

మేడ మీద బసవపున్నయ్య స్టేజి వైపు, తర్వాత సెబాస్టియన్ వైపు చూశాడు. కాసేపు ఆగాడు. మంజులత మైకు ముందుకి వచ్చేసింది. సెబాస్టియన్ చేతిలో రిమోట్ లేదని ఆయనకి అర్థమైంది. వాకీటాకీ నోటి దగ్గరికి ఎత్తాడు.

అంతకన్నా ఒక్క ఊపిరి ముందు సెబాస్టియన్ తన వాకీటాకీ బటన్ నొక్కి పట్టుకున్నాడు. ఒకరు నొక్కి పట్టుకుంటే ఆ ఛానెల్లో ఇంకొకరి మాట సరిగ్గా దూరదు. చిన్నగా గొంతు సవరించుకున్నాడు. తర్వాత అతని నోట్లోంచి బసవపున్నయ్య మాట్లాడాడు.

"క్రేన్. ఇంటర్వెల్. ఇంటర్వెల్. రిమోట్ కింద పెట్టు. బండి కదిలించు. నేను వస్తున్నా."

క్రేన్ మేడ వైపు చూశాడు. గాజు వెనక బసవపున్నయ్య వాకీటాకీలో అరుస్తూనే ఉన్నాడు. దూరం నుంచి చూసేవాడికి, రేడియోలో వినిపిస్తున్న మాటలు ఆ నోటివే అనిపించేలా సెబాస్టియన్ పెదాలకి పెదాలు కలిపి మాట్లాడాడు. జీవితంలో అంత కచ్చితమైన డబ్బింగ్ అతను ముందెప్పుడూ చెప్పలేదు.

క్రేన్ రిమోట్‌ని డ్యాష్‌బోర్డు మీద పెట్టి లారీ గేరు వేశాడు.

లారీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఆకుపచ్చ టయోటా రివ్వున వచ్చి అడ్డంగా నిలబడింది. లారీ బ్రేకు పడింది. ఆ కుదుపుకి డ్యాష్‌బోర్డు మీది రిమోట్ ఎగిరి, కిటికీలోంచి బయటపడింది. క్రేన్ తలుపు తీసుకుని దానికోసం దూకాడు. అతని వేళ్ళు దానిమీద పడబోయేసరికి సెబాస్టియన్ మోచెయ్యి అతని మెడ మీద పడింది.

ఆ తర్వాత జరిగింది సెబాస్టియన్ ఊహించనిది. రిఫ్లెక్టర్లు మోస్తున్న కుర్రాళ్ళు వాటిని వదిలేసి పిస్తోళ్ళు తీశారు. సగం మంది లారీ వైపు, సగం మంది మేడ వైపు పరిగెత్తారు. స్టేజి మీద మంజులత చెయ్యెత్తి వాళ్ళకి దారి చూపిస్తోంది.

"స్టేజి కింద బాంబు" అని సెబాస్టియన్ వాళ్ళతో అన్నాడు. వాళ్ళలో ఒకడు స్టేజి దగ్గరికి పరిగెత్తి చెప్పగానే మంజులత ముఖం తెల్లబోవడం, పిల్లలిద్దర్నీ చెరో చంకన పట్టుకుని మెట్లు దిగడం కనిపించింది.

*

బసవపున్నయ్య పారిపోలేదు. మేడ మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతులకి బేడీలు. వెంకటేశ్వరరావుని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. వాకిట్లో కాపలా పెట్టి సెబాస్టియన్‌ని లోపలికి పంపించారు.

"నా గొంతు బాగా దించావు అబ్బాయ్" అన్నాడాయన.

"ఎందుకండీ?"

"మా తమ్ముడు వీరరాఘవయ్య ఎక్కడున్నాడని నీకు ఎప్పుడైనా చెప్పానా?"

"చనిపోయారన్నారు."

"సరిహద్దు అవతల జైల్లో ఉన్నాడు. పదకొండేళ్ళయింది. మన పనిమీదే వెళ్ళాడు, నేనే పంపాను. దొరికిపోతే ఢిల్లీ ఏమందో తెలుసా? అటువంటి మనిషి మాకు తెలియదంది. ఎన్నిసార్లు కాళ్ళు పట్టుకున్నానో. ఆ యూనిట్ ఇస్తే వాడిని సరిహద్దు దాటిస్తానన్నాడు క్రేన్." ఆయన గొంతు సవరించుకోబోయి ఆగిపోయాడు. "నన్ను ముందు అమ్మేసింది ఢిల్లీవాళ్ళే."

"లక్ష్మయ్య మిమ్మల్ని ఏం చేశాడు?"

ఆయన కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"నేనేం చేశాను? నా చేత్తో మంజుని చంపించాలని ఎలా అనిపించింది?"

"ఇంకెవడైనా అయితే ఆ రిమోట్ విప్పి చూస్తాడు" అన్నాడు బసవపున్నయ్య. "నువ్వు చూడవు."

సెబాస్టియన్ బల్ల మీది గ్లాసులో నీళ్ళు పోసి, బేడీలు వేసిన ఆ చేతులకి అందించి బయటికి వచ్చేశాడు.

కింద రాములు తన కారు చుట్టూ తిరుగుతూ ఎక్కడైనా గీత పడిందేమోనని వెతుకుతున్నాడు. పడలేదని తెలిసి గేటు కానుకుని కూలబడ్డాడు. స్టేజి కింది బాంబుని తీసేశారు. డాట్సన్ బానెట్ విప్పారు. టేపురికార్డరు, రెండు స్పీకర్లు, వాటి నడుమ దూదిలో చుట్టిన గైరోస్కోప్.

మంజులత స్టేజి మెట్ల మీద కూర్చుని ఉంది. సెబాస్టియన్ వెళ్ళి కాస్త దూరంగా కూర్చున్నాడు.

"స్టేజి కింద ఉందని నాకు తెలియదు. ఒట్టు" అంది.

"ఆయన సంగతి?"

ఆమె పళ్ళెం అంచు గోటితో గీకుతూ కూర్చుంది. "ఆర్నెల్లుగా తెలుసు. నేను ఢిల్లీకి సూటిగా రిపోర్ట్ చేస్తున్నా. ఈ రిఫ్లెక్టర్ కుర్రాళ్ళూ అక్కడివాళ్ళే. సామానుతో సహా దొరికేదాకా ఆయన్ని కదిలించొద్దన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మర్నాడే ఆయనకి తెలిసిపోయేది. గొంతు మార్చగలవు గానీ నీ మొహం మార్చుకోలేవు సెబాస్టియన్."

"సరే, నాకు వద్దు. లక్ష్మయ్యకి చెప్పి ఉంటే?"

ఆమె పళ్ళెం పక్కన పెట్టేసింది.

"వాడు ఆ ఫోన్ ఆయనకే చేశాడు మంజూ. ఛీఫ్ కదా అని చేశాడు. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే చేసేవాడు కాదు."

"రాత్రంతా అదే అనుకున్నా" అంది. "నాకు వచ్చిన ఆర్డర్ అది."

"ఆర్డరే." అతను విగ్గు తీసి మెట్టు మీద పెట్టాడు. నిన్న ఆమె మోసం చేసిందని నమ్మాడు, అది అబద్ధమని తేలింది. అయినా నిన్నటి నొప్పి ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. ఆమె పక్కన అంతకుముందులా కూర్చోవడం ఇక తన వల్ల కాదని అతనికి తెలిసింది. ఆమెకీ తెలిసినట్టుంది, దగ్గరికి జరగలేదు.

రిఫ్లెక్టర్ కుర్రాళ్ళలో పెద్దవాడిలా ఉన్నవాడు వచ్చి మర్యాదగా నిలబడ్డాడు. ఆమె అతనికి కళ్ళతోనే ఆగమని చెప్పింది.

"నిన్ను ఢిల్లీ తీసుకెళ్తారు" అంది. "కొన్నాళ్ళు ప్రశ్నలుంటాయి. ఆయన చేతికింద ఇన్నేళ్ళు పనిచేశావు కదా. నువ్వు కూడా అందులో ఉన్నావేమో అని."

సెబాస్టియన్‌కి నవ్వొచ్చింది. "నేను నమ్మదగినవాడినని మీ రికార్డుల్లోనే ఉండాలే."

"ఉంది" అంది మంజులత. "ఆ మాట రాసింది బసవపున్నయ్యగారే."